ముందు లెక్క, తర్వాత రంపం

రాజమండ్రిలో మా నాన్నగారు ఒకప్పుడు కచేరీల్లో మృదంగం వాయించేవారు. చేతులు వణకడంతో మానేశారు, టేపులే మిగిలాయి. చిన్న స్పీకర్లలో మృదంగం ఎడమవైపు నాదం సరిగా పలకదు. అది ఆయనకి వినిపించాలని ఇంట్లోనే సబ్‌వూఫర్ కట్టడానికి పూనుకున్నాను.

డ్రైవరు కొనేసి, చేతికందిన ప్లైవుడ్‌తో 12 లీటర్ల మూతపెట్టె బిగించాను. ఏ దెబ్బకైనా ఒకటే "బుం". "ఇది మృదంగం కాదురా, ఖాళీ డ్రమ్ము" అన్నారు నాన్నగారు.

అప్పుడు పుస్తకం పట్టాను. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ వేసిన దారిని 1970వ దశకంలో రిచర్డ్ స్మాల్ విస్తరించాడు. డ్రైవరు కాగితంలో మూడు అంకెలు చూడాలి. నా డ్రైవరుకి సహజ పౌనఃపున్యం 30 హెర్ట్జ్, మొత్తం క్యూ 0.4, తుల్య ఘనపరిమాణం 60 లీటర్లు. పెట్టెలో క్యూ 0.707 ఉంటే నాదం సమంగా ఉంటుంది. 0.707ని 0.4తో భాగించి, వర్గం చేసి, 1 తీసేస్తే 2.12. దాంతో 60ని భాగిస్తే సుమారు 28 లీటర్లు. నా 12 లీటర్లలో క్యూ 0.98కి చేరింది, అదీ "బుం" రహస్యం!

ఇక యాంప్లిఫైయరు. రెండు 4 ఓముల డ్రైవర్లు సమాంతరంగా కలిపితే 2 ఓములవుతుంది. 4 ఓములకు తగ్గకూడని యాంప్లిఫైయరుని అలాగే తగలేశాను. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. కనుక వాట్ల మోజు కన్నా ఓముల పొత్తు ముఖ్యం.

28 లీటర్ల పెట్టెలో టేపు వేశాను. నాన్నగారి ఎడమచెయ్యి మోకాలిమీద తాళం వేసింది. తమ్ముళ్లూ, రంపం పట్టేముందు పెన్సిలు పట్టండి!