స్టిక్కర్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు? ఫోన్‌తో ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ పాఠం



గత నెల ఎనిమిదో తరగతి ప్రాజెక్ట్ పీరియడ్‌లో పిల్లలకు తలా ఒక ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ ఇచ్చాను. దాదాపు పది రూపాయల బిళ్లంత ఉంటుంది, కాగితంలా పలచగా ఉంటుంది. "బ్యాగ్ ఎక్కడైనా మర్చిపోతే దొరికినవాళ్లు మీకు తిరిగి ఇచ్చేలా, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌తో ఇందులో వివరాలు రాసుకురండి" అని చెప్పాను. మర్నాడు ఒక అమ్మాయి స్టిక్కర్‌ను బ్యాగ్ పట్టీకి నీట్‌గా అంటించుకొని వచ్చింది. నా ఫోన్ దగ్గర పెట్టగానే పేరు, తరగతి, సెక్షన్, నాన్న సెల్ నంబర్, ఇంటి నంబర్‌తో సహా అడ్రస్, పొద్దున స్కూల్ బస్సు ఎక్కే చోటు, ఎక్కే టైమ్ అన్నీ తెర మీదికి వచ్చేశాయి.

పాస్‌వర్డ్ అడగలేదు. చదివేది ఎవరో అడగలేదు. నా ఫోన్‌లో వచ్చిన వివరాలు ఎవరి ఫోన్‌లోనైనా వస్తాయి కదా అనుకోగానే నాకు గుండె ఝల్లుమంది. పాప ఎంతో శ్రద్ధగా చేసింది, తప్పు తనది కాదు. ఏం రాయాలో చెప్పాను గానీ ఏం రాయకూడదో నేను చెప్పలేదు. ఆ మిగిలిపోయిన పాఠమే ఈ వ్యాసం. ఫోన్ మీది, స్టిక్కర్ రాసేది మీ ఇంట్లో, కాబట్టి పిల్లలతో పాటు మీకూ చెప్పాలనిపించింది.

ముందుగా పిల్లలందరూ అడిగే ప్రశ్న: బ్యాటరీ లేని స్టిక్కర్ ఎలా పనిచేస్తుంది? దాని లోపల సన్నని లోహపు తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. మధ్యలో ఆవగింజ కంటే చిన్న చిప్ ఉంటుంది. ఫోన్ వెనక కూడా ఇలాంటి చుట్టే ఒకటి ఉంటుంది. ఫోన్‌లోని చుట్ట సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల సార్లు, అంటే 13.56 మెగాహెర్ట్జ్ వేగంతో, ఊగిసలాడే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం వల్ల స్టిక్కర్ చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. చిప్ మేల్కొని తనలో ఉన్నది చెప్పడానికి అది చాలు. 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. మీరు పదో తరగతిలో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని కదిపితే గాల్వనామీటర్ ముల్లు కదులుతుందని చదివే ఉంటారు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ కూడా ఈ సూత్రం మీదే గిన్నెను వేడి చేస్తుంది.

హైదరాబాద్ మెట్రో గేటు దగ్గర స్మార్ట్ కార్డు ఆనించడం, షాపులో బ్యాంకు కార్డును మెషీన్‌కు తాకించి డబ్బు కట్టడం ఈ కుటుంబంలోవే. పిన్ లేకుండా తాకించి కట్టే మొత్తాన్ని రిజర్వ్ బ్యాంక్ 2021 జనవరి 1 నుంచి 2,000 రూపాయల నుంచి 5,000కు పెంచింది. అయితే బ్యాంకు కార్డు చిప్‌లో రహస్య తాళాలు ఉంటాయి. మన స్టిక్కర్‌లో అవేమీ ఉండవు. రెండూ తాకిస్తే పనిచేస్తాయి కదా, రెండూ ఒకే భద్రత అనుకోవద్దు.

క్లాసులో ఒక అబ్బాయి మంచి సందేహం అడిగాడు. "మేడం, టోల్‌గేట్ కాడ కారు ఆగకముందే ఫాస్టాగ్ చదువుతది కదా, ఇదెందుకు తాకిస్తేనే చదువుతది?" సూర్యాపేట నుంచి హైదరాబాద్ వెళ్తుంటే కొర్లపహాడ్, పంతంగి దగ్గర, కోదాడ నుంచి విజయవాడ వైపు వెళ్తుంటే చిల్లకల్లు దగ్గర మనం రోజూ చూసేదే. ఫాస్టాగ్‌లోనూ బ్యాటరీ లేదు. కానీ అది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. పైన కట్టిన యాంటెన్నా పంపే తరంగాలనే కొద్దికొద్దిగా మార్చి వెనక్కి పంపుతుంది, అందుకే కొన్ని మీటర్ల దూరం నుంచి చదవొచ్చు. ఎన్‌ఎఫ్‌సీలో అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా బలహీనపడుతుంది. ఫోన్‌తో మహా అయితే మూడు, నాలుగు సెంటీమీటర్లు. దగ్గరగా వస్తే తప్ప చదవలేకపోవడం ఒక రకంగా మనకు రక్షణే. కానీ రద్దీ బస్సులో పిల్లల బ్యాగ్‌కు నాలుగు సెంటీమీటర్ల దగ్గరకు రావడం ఎంత పని?

ఇక రాసే పద్ధతి. ఫోన్ సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతికే గడిలో ఎన్‌ఎఫ్‌సీ అని టైప్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ఆ పేరు రాకపోతే మీ ఫోన్‌లో ఆ సౌకర్యం లేనట్టే. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఉండదు, ఇందుకోసం కొత్త ఫోన్ కొనాల్సిన అవసరం అసలు లేదు. ఉంటే ఆన్ చేసి, ప్లే స్టోర్ నుంచి ఎన్‌ఎఫ్‌సీ టూల్స్ అనే యాప్ వేసుకోండి. అందులో రైట్ అనే భాగానికి వెళ్లి, ఫోన్ నంబర్, వెబ్ లింక్, మామూలు వాక్యం వీటిలో ఏది కావాలో ఎంచుకొని నింపి, రైట్ నొక్కి, స్టిక్కర్‌ను ఫోన్ వెనక ఆనించాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా వీపు మధ్యలోనో కెమెరా దగ్గరో, ఐఫోన్లలో పై అంచున ఆనిస్తే పడుతుంది. ఒక సెకను కదపకుండా ఉంచితే చాలు. చదవడానికి యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ లాక్ తీసి తెర వెలుగుతూ ఉంటే తనంతట తానే చదువుతుంది.

నాకు బాగా నచ్చిన భాగం స్టిక్కర్‌లో ఎంత పడుతుంది అనే లెక్క. ఎక్కువగా దొరికే ఎన్‌ట్యాగ్ 213 రకంలో మనం వాడుకోగల చోటు 144 బైట్లు మాత్రమే. 215లో 504, 216లో 888. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటు తీసుకుంటుంది. తెలుగులో మాత్రం ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, గుణింతానికి వేరే, ఒత్తుకు వేరే. ఈ లెక్కను బోర్డు మీద మన మూడు ఊళ్లతోనే చేయించాను. కోదాడ ఇంగ్లిష్‌లో 5 బైట్లు, తెలుగులో 15. సూర్యాపేట 8, తెలుగులో 27. మిర్యాలగూడ 11, తెలుగులో 30. సూర్యాపేట కంటికి నాలుగు అక్షరాలే, కంప్యూటర్‌కు స, దీర్ఘం, ర, పొల్లు, య, దీర్ఘం, ప, ఏత్వం, ట అని తొమ్మిది ముక్కలు. "అయితే తెలుగు వేస్ట్ కదా మేడం" అన్నారు వెనక బెంచీవాళ్లు. కాదు, చోటు తక్కువ ఉన్నప్పుడు ఏది ముఖ్యమో తేల్చుకోవాలి, అంతే. ఇంట్లో పిల్లల పేరుకు ఈ లెక్క చేయించి చూడండి, ఒత్తులు, గుణింతాలు కూడా మళ్లీ ఒకసారి గుర్తుకొస్తాయి.

ఉపయోగం గురించి చెప్పాలంటే, మిర్యాలగూడ బ్రాంచ్‌లో ఒక విద్యార్థి చేసినదాన్ని మించింది నేను చూడలేదు. వాళ్ల నాయనమ్మకు చదువు రాదు, కాంటాక్ట్స్‌లో పేర్లు వెతకలేదు. ఊళ్లో ఉన్న కూతురితో మాట్లాడాలంటే ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి కలపాలి. ఈ అబ్బాయి మేనత్త నంబర్‌ను ట్యాగ్‌లో రాసి, నాయనమ్మ మంచానికి అంటించాడు. పనిచేయలేదు. ఇంట్లో రాస్తే చదివింది, మంచానికి అంటిస్తే చదవలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, అది ఇనుప మంచం. లోహం దగ్గరుంటే అందులోనే కరెంటు పుట్టి అయస్కాంత క్షేత్రాన్ని దెబ్బతీస్తుంది. బీరువా మీద, స్టీలు డబ్బా మీద మామూలు స్టిక్కర్ పనిచేయదు, వాటికి అడుగున ఫెర్రైట్ పొర ఉన్న ప్రత్యేక ట్యాగులు కొనాలి. స్టిక్కర్‌ను గోడకు మార్చాడు, పక్కన మేనత్త ఫోటో పెట్టాడు. ఇప్పుడు నాయనమ్మ ఫోన్‌ను ఫోటో పక్కన ఆనిస్తుంది, నంబర్ వస్తుంది, పచ్చ గుర్తు తనే నొక్కుతుంది. ట్యాగ్ నంబర్‌ను తెర మీదికి తెస్తుంది గానీ దానంతట అది కాల్ చేయదు, ఆ నొక్కడం మనదే.

ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ ట్యాగ్‌లో రాసి చుట్టాలకు ఇవ్వడం కూడా చాలామంది చేస్తున్నారు. బాగానే ఉంటుంది, కానీ పాస్‌వర్డ్ అందులో దాచి ఉండదు, రాసింది రాసినట్టే ఉంటుంది. దాన్ని హాల్లో లోపలి గోడకు పెట్టండి, గేటుకు పెట్టకండి. బయట ఎక్కడో అంటించి ఉన్న తెలియని స్టిక్కర్ ఫోన్‌లో లింక్ చూపిస్తే నొక్కకండి.

యాప్‌లో లాక్ అనే బటన్ ఉంటుంది. ఒకసారి లాక్ చేస్తే ఇక ఎప్పటికీ మార్చలేము, చెరపలేము. క్లాస్ లైబ్రరీ అల్మారాకు నేను చేసిన మొదటి ట్యాగ్‌లో నంబర్‌లో ఒక అంకె తప్పు పడింది, చూసుకోకుండా లాక్ చేసేశాను. ఆ స్టిక్కర్ ఇప్పుడు నా డైరీలో బుక్‌మార్క్‌గా పనికొస్తోంది. ఇంకొకటి, లాక్ చేస్తే వేరేవాళ్లు మార్చకుండా ఆగుతారు గానీ చదవకుండా ఆగరు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

కాబట్టి పిల్లల బ్యాగ్‌కైతే నా సలహా: అమ్మదో నాన్నదో ఒక ఫోన్ నంబర్, "ఈ బ్యాగ్ దొరికితే దయచేసి ఫోన్ చేయండి" అనే ఒక వాక్యం. పిల్ల పేరు వద్దు. పేరు తెలిసినవాళ్లను పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. అడ్రస్, బస్సు టైమ్, పుట్టినరోజు, ఆధార్ నంబర్, ఫోటో లింక్ వద్దేవద్దు. ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉన్న పిల్లల విషయం క్లాస్ టీచర్‌కు నేరుగా చెప్పండి, బ్యాగ్ మీద వద్దు. అలాగే అదే నంబర్‌ను బ్యాగ్ లోపల చెరిగిపోని మార్కర్‌తో కూడా రాయండి. బ్యాగ్ దొరికిన కండక్టర్‌కో ఆటో అన్నకో ఎన్‌ఎఫ్‌సీ ఫోన్ ఉండకపోవచ్చు, మార్కర్ రాతకు ఏ ఫోనూ అక్కర్లేదు.

ఆ అమ్మాయి స్టిక్కర్‌ను మేమిద్దరం కూర్చొని చెరిపి మళ్లీ రాశాం. నంబర్, ఒక వాక్యం, అంతే. వాక్యం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది, లెక్క తనే వేసుకుంది, 144లో పట్టింది. ఇలాంటి స్టిక్కర్ మీ పిల్లల బ్యాగ్‌కు ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. అందులో ఏముందో నా ఫోన్‌తో మీ ముందే చదివి చూద్దాం.