పాత ట్రక్కులో ఆరని దీపము : టైరు గాలి పాఠము

వాహనము నడుపువాని ఎదుటనుండు పలకపై పసుపుపచ్చని చిన్న దీపమొకటి వెలుగును. అది అడుగున పళ్ళున్న గుర్రపు నాడా వలె ఉండును; నడుమ ఆశ్చర్యార్థక చిహ్నము. టైరును అడ్డముగా కోసినచో కనబడు రూపమే అది. ఏదో ఒక టైరులో గాలి తగ్గినదని దాని సాధారణార్థము. అమెరికా దేశపు పాత పికప్ ట్రక్కులలో ఈ దీపము ఒకసారి వెలిగి నెలల తరబడి ఆరకుండుట, యజమాని దానిపై నల్లని పట్టీ అంటించి ఊరకుండుట కూడ కద్దు. మన విద్యార్థులెందరో చదువులకు, ఉద్యోగములకు ఆ దేశము వెళ్ళి, చేతిలో డబ్బు చాలక పాత వాహనములనే కొనుచున్నారు. కాన ఈ దీపము ఎందుకు వెలుగునో, వెలిగినపుడు ఏమి చేయవలెనో మేమిచట వివరింపదలచితిమి. ఇందు భౌతికశాస్త్ర పాఠము కొంత, చట్ట చరిత్ర కొంత కలదు.

దీపము పుట్టుక

2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనుచున్నట్లు ప్రకటించినది. వాటిలో చాలభాగము ఫోర్డు ఎక్స్‌ప్లోరరు వాహనములకు అమర్చినవి. వేగముగా పోవుచుండగా టైరు పైపొర ఊడిపోయి, వాహనములు బోల్తాపడి, రెండువందల మందికి పైగా మరణించిరి. లోపము టైరుదా, వాహనముదా అని ఆ రెండు సంస్థలు వాదులాడుకొన్నవి. ఆ వాదములో గాలి పీడనము కూడ ఒక అంశమే. చదరపు అంగుళమునకు 26 పౌండ్లు చాలునని వాహనము చేసినవారనిరి. 30 ఉండవలెనని టైరు చేసినవారనిరి.

ఆ ఏడాది నవంబరు 1న అధ్యక్షుడు క్లింటను సంతకముతో ట్రెడ్ చట్టము అమలులోనికి వచ్చినది. గాలి తగ్గినచో నడుపువానిని హెచ్చరించు ఏర్పాటు ప్రతి కొత్త వాహనములో ఉండవలెనని అందులో విధించిరి. 2002లో ప్రభుత్వ శాఖ చేసిన మొదటి నియమము తయారీదారులకు ఒక వెసులుబాటు కల్పించినది. ఒక్క టైరులో గాలి తగ్గుటను మాత్రమే పసిగట్టు చౌక విధానమును కూడ వారు ఎన్నుకొనవచ్చును. నాలుగు టైర్లును సమానముగా తగ్గినచో అట్టి విధానము మౌనము వహించును. పబ్లిక్ సిటిజన్ అను పౌర సంస్థ మరికొందరితో కలిసి న్యాయస్థానమునకు వెళ్ళగా, 2003 ఆగస్టులో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసినది. తరువాత 2005 ఏప్రిలులో వచ్చిన నియమము ప్రకారము ఒక టైరైనను, నాలుగు టైర్లైనను, నిర్ణీత పీడనములో 25 శాతము తగ్గినచో దీపము వెలుగవలెను. 2007 సెప్టెంబరు నుండి 10,000 పౌండ్ల లోపు బరువు తరగతికి చెందిన కొత్త వాహనములన్నిటికి, వెనుక జంట చక్రములున్నవి మినహా, ఇది తప్పనిసరి అయినది. కాన అక్కడి పాత పికప్ ట్రక్కులలో నేడు ఈ దీపమున్నవి అనేకము.

గాలి, వేడి, లెక్క

చలికాలపు ఉదయము దీపము వెలుగుట, మధ్యాహ్నమునకు ఆరుట చాలమందికి చోద్యముగా తోచును. ఇందు చోద్యమేమియు లేదు. ఇంటర్మీడియట్ విద్యార్థి చేయగల లెక్కయే ఇది. ఘనపరిమాణము మారనిచో వాయువు పీడనము పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతములో ఉండును. గేజి చూపు అంకెకు వాతావరణ పీడనము 14.7 పౌండ్లు కలిపిన పిదపనే ఈ సూత్రము వర్తించును.

30 డిగ్రీల సెల్సియసు వద్ద గేజి 35 చూపినదనుకొందము. అసలు పీడనము 49.7. ఉష్ణోగ్రత సున్నకు దిగినచో 49.7ను 273తో గుణించి 303తో భాగింపగా 44.8 వచ్చును. 14.7 తీసివేసినచో గేజి 30 మాత్రమే చూపును. సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఇదే విధముగా లెక్కించినచో సుమారు 27 మిగులును. 35లో 25 శాతము తగ్గినచో 26.25. అనగా మేకు గుచ్చుకొనకున్నను, ఎచటను కారకున్నను, చలి ఒక్కటియే టైరును హెచ్చరిక గీత అంచువరకు దింపుచున్నది. రబ్బరు గుండ సహజముగా నెలకు ఒక పౌండు వరకు గాలి తరుగుచుండుటచే ఆ గీత దాటుట సులభము. బండి నడచిన పిదప టైరు వేడెక్కి దీపము ఆరవచ్చును. కాని లోటు తీరలేదు. మరునాటి ఉదయము అదే కథ.

గాలి తక్కువైన టైరు నేలను తాకినచోట ఎక్కువగా వంగి, తిరిగి చాచుకొనును. ఒక మైలు దూరములో ఇది కొన్ని వందల పర్యాయములు జరుగును. వంగినపుడెల్ల లోపల వేడి పుట్టును. పొరల మధ్య బంధము సడలును. బరువు, వేగము, ఎండ తోడైనచో పైపొర ఊడును. 2000 నాటి మరణముల వెనుక కారణములనేకమున్నను, వేడి చేయు ఈ పని వాటిలో ఒకటి.

రెండు విధములైన వెలుగు

పాత ట్రక్కు యజమాని మొదట గుర్తింపవలసినది దీపము వెలుగు తీరు. బండి ప్రారంభించినంతనే స్థిరముగా వెలిగి అట్లే నిలిచినచో గాలి తగ్గినదని అర్థము. 60 నుండి 90 సెకన్ల వరకు మిణుకుమిణుకుమని, పిదప స్థిరపడినచో కబురు తెచ్చు యంత్రమే చెడినదని అర్థము. అట్టి స్థితిలో టైరులో గాలి ఉన్నను లేకున్నను దీపము ఒకే తీరున వెలుగుచుండును.

చక్రము లోపల గాలి ఎక్కించు నాజిలును ఆనుకొని చిన్న సెన్సారు ఉండును. అది పీడనమును కొలిచి రేడియో తరంగములద్వారా బండిలోని యంత్రమునకు తెలుపును. అందలి బ్యాటరీ సాధారణముగా 5 నుండి 10 ఏండ్లు పనిచేయును. దానిని మూసి అతికించియుందురు గనుక బ్యాటరీ ఒక్కటే మార్చుటకు వీలులేదు, సెన్సారునే మార్చవలెను. మంచు కరగించుటకు రోడ్లపై ఉప్పు చల్లు ప్రాంతములలో దాని అల్యూమినియము నాజిలు తుప్పు వంటి క్షయమునకు లోనై విరుగుటయు కలదు. ఒకే వయసు గల నాలుగు సెన్సారులలో ఒకటి ఆగిన పిదప తక్కినవి కూడ ఎంతో కాలము నిలువవు. కొత్త టైర్లు వేయించునపుడు చక్రము ఎటులను విప్పుదురు గనుక నాలుగింటిని అపుడే మార్పించుట లాభకరము. కొత్త సెన్సారులను బండి యంత్రము గుర్తించునట్లు చేయు పద్ధతి వాహనమును బట్టి మారును; అది యజమాని చేతిపుస్తకములో ఉండును.

చేయవలసిన పని

నడచుచుండగా దీపము వెలిగినచో కంగారుపడి గట్టిగా బ్రేకు వేయరాదు. వేగము తగ్గించి, క్షేమమైన చోట ఆపి, నాలుగు టైర్లను కంటితో చూడవలెను. ఒకటి బాగుగా కూలబడియున్నచో దానిపై ముందుకు పోరాదు.

కంటికి బాగున్నంత మాత్రమున నమ్మరాదు. పావు వంతు గాలి తగ్గిన టైరు చూపునకు నిండుగనే కనబడవచ్చును. బండి మూడు గంటలు ఆగియున్న పిదప చల్లని టైరును గేజితో కొలువవలెను. ఉండవలసిన అంకె నడుపువాని తలుపు చట్రముపై అంటించిన పట్టికలో ఉన్నది. టైరు పక్కన అచ్చొత్తిన అంకె గరిష్ఠ పరిమితిని తెలుపునదే గాని నింపవలసిన కొలత కాదు. ముందు, వెనుక టైర్లకు అంకెలు వేరుగా ఉండవచ్చును. గాలి నింపిన రెండు మూడు దినములలో మరల తగ్గినచో సబ్బునీళ్ళు పూసి బుడగలు ఎచట లేచునో చూచి పంక్చరు వేయించవలెను. కొన్ని ట్రక్కులలో స్టెపినీకి కూడ సెన్సారుండును. నాలుగును సరిగా ఉండి దీపము ఆరనిచో దానిని కొలువుడు.

చేయరాని పనులు

కొన్ని వాహనములలో ఒక మీట నొక్కినచో అప్పటి పీడనమునే సరియైనదిగా యంత్రము గ్రహించును. గాలి నింపకుండ ఆ మీట నొక్కినచో దీపము ఆరును. తక్కువ గాలియే కొత్త ప్రమాణమగును. మరికొందరు నాలుగు సెన్సారులను ఒక ప్లాస్టిక్ గొట్టములో ఉంచి, దానిలో గాలి నింపి, మూత బిగించి బండిలో పడవేయుదురు. గొట్టములోని గాలి క్షేమముగనే ఉండును. టైరులోని గాలి సంగతి ఇక ఎవరికిని తెలియదు.

సెన్సారులు మార్చు స్తోమతు లేనివాడు ఏమి చేయవలెను? చట్టము, తనిఖీ నియమములు ఆయా రాష్ట్రములలో వేరువేరు, వాటిని విచారించుకొనవలెను. ఎట్లైనను స్వల్ప వెలకు దొరకు గేజి ఒకటి కొని, నెలకొకమారు, దూరప్రయాణమునకు ముందొకమారు కొలుచువానికి దీపము లేని లోటు చాలవరకు తీరును. కాని బండిని తమ్మునికిచ్చినను, మిత్రునికమ్మినను, ఈ దీపము మాట నమ్మవలదని నోట చెప్పి ఇవ్వవలెను. నల్లపట్టీ కింద దాగిన సంగతి కొత్తవానికి తెలియదు. దీపము వెలుగలేదు గనుక అంతయు క్షేమమని అతడు భార్యాబిడ్డలను ఎక్కించుకొని పోవును.

మన దేశములో 2020 అక్టోబరు నుండి అమలైన నియమము ప్రకారము, 3.5 టన్నుల లోపు వాహనములలో ట్యూబు లేని టైర్లు, గాలి హెచ్చరిక ఏర్పాటు, మరమ్మతు సామగ్రి ఉన్నచో స్టెపినీ తప్పనిసరి కాదు. అనగా దీపముపై మనమును ఆధారపడు కాలము వచ్చినది. మన పాత లారీలకు ఆ దీపము లేదు. క్లీనరు కర్రతో ఒక్కొక్క టైరును కొట్టి శబ్దము వినును. పూర్తిగా దిగిన టైరును ఆ శబ్దము పట్టి ఇచ్చును. పావు వంతు లోటును గేజి మాత్రమే చెప్పును.

మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులున్నారు. తెలుగువారి కబురు, ఉర్దూవారి ఖబరు ఒకే మాట. ఆ ఖబరు కలిగి మెలగువాడే ఖబర్దారు. దీపము కబురు మాత్రమే తేగలదు. ఖబర్దారుగా ఉండుట గేజి చేతబట్టినవాని పని.