తాబేలు ఒడ్డుకు ఎందుకు వచ్చింది?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది బంగాళాఖాతంలో కలిసే చోట పొడవైన ఇసుకతీరం ఉంది. చాలా సంవత్సరాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల రాత్రివేళల్లో ఆ ఇసుకమీద ఒక వింత కనిపిస్తుంది. ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్ళు వేలకు వేలుగా ఒడ్డుకు వస్తాయి. తెడ్లవంటి కాళ్ళతో బరువైన ఒంటిని ఈడ్చుకుంటూ అలలకు దూరంగా వెళ్తాయి. వెనుక కాళ్ళతో గుంత తవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతాయి.

నీటిలో అంత చురుకుగా ఈదే ప్రాణి నేలమీద ఇంత అవస్థ ఎందుకు పడుతుంది? చేపలాగా గుడ్లను నీటిలోనే వదలవచ్చు కదా? ఈ ప్రశ్నకు జవాబు తాబేలు ఒక్కదాని కథలో దొరకదు. వెన్నెముక గల జంతువులు నీటిని విడిచి నేలకెక్కిన చరిత్ర అంతా చూడాలి.

వెన్నెముక గల జంతువులను సకశేరుకాలు అంటారు. వాటిలో మొదటివి చేపలే. చేపలకు నేలమీద బతికే జంతువులకు నడుమ ఉన్న దశ ఎలా ఉండేదో తెలుసుకోవాలని నీల్ షూబిన్, టెడ్ డేష్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు అనుకున్నారు. సరైన వయసుగల రాళ్ళు ఎక్కడ బయటపడి ఉన్నాయో వారికి ఒక పాఠ్యపుస్తకంలోని పటం చూపింది. ఆ చోటు కెనడా ఉత్తరాన మంచుతో నిండిన ప్రాంతం. 1999లో వెదకడం మొదలుపెట్టిన ఆ బృందానికి 2004లో ఎల్స్‌మియర్ దీవిలో సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్ళ నాటి శిలాజం దొరికింది. దానికి స్థానికుల భాషలోని మాటతో టిక్టాలిక్ అని పేరు పెట్టారు.

టిక్టాలిక్‌కు చేపలాగా పొలుసులు, వాజాలు ఉన్నాయి. కాని చేపకు లేని మెడ ఉంది. వాజం లోపల భుజం దగ్గర ఒక ఎముక, దాని తరువాత రెండు ఎముకలు, ఆపైన మణికట్టును పోలిన చిన్న ఎముకలు ఉన్నాయి. లోతు తక్కువ నీటిలో అది ముందు వాజాలమీద ఒంటిని పైకెత్తగలిగేది. భూచరాలన్నిటికీ ఇదే నేరుగా మూలపురుషుడని చెప్పలేము. ఆ మార్పు ఎలా జరిగిందో చూపే దగ్గరి బంధువు అని మాత్రం చెప్పవచ్చు.

గ్రీన్‌లాండులో దొరికిన అకాంతోస్టెగా మరొక విశేషం చెప్పింది. దానికి కాళ్ళు, వేళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క ముందుకాలికి ఎనిమిది వేళ్ళు! అయినా అది ఎక్కువగా నీటిలోనే బతికింది. అంటే కాళ్ళు నేలమీద నడవడానికని పుట్టలేదు. నీటిలో ఒక పనికి ఏర్పడినవి తరువాత నేలమీద మరొక పనికి వచ్చాయి. పాత సామానుతోనే కొత్త ఇల్లు కట్టుకోవడం ప్రకృతి పద్ధతి.

నేలకెక్కినా ఒక చిక్కు మిగిలింది. కప్పవంటి ఉభయచరాల గుడ్లకు పెంకు ఉండదు. ఎండ తగిలితే అవి ఎండిపోతాయి. అందుకే చాలా కప్పలు గుడ్లు పెట్టడానికి నీటికే పోతాయి. వాటి పిల్లలు మొదట మొప్పలతో, తోకతో చేపల్లా ఈదుతాయి.

ఈ చిక్కును విప్పినది కొత్తరకం గుడ్డు. చెరువును వెదుక్కుంటూ పోవడానికి బదులు ఆ గుడ్డు చెరువునే తనలో దాచుకుంది. దాని లోపల పిండం చుట్టూ ఉల్బం అనే పలుచని పొర, ఆ పొరలో నీరు, పక్కన ఆహారంగా పచ్చసొన, పైన రక్షణగా పెంకు ఉంటాయి. పెంకులోని సన్నని రంధ్రాల గుండా గాలి ఆడుతుంది. ఇటువంటి గుడ్డుతో సరీసృపాలు నీటికి దూరంగా అడవులకు, కొండలకు, ఎడారులకు వ్యాపించాయి. క్షీరదాల్లో చాలా జాతులు గుడ్డు బయట పెట్టడం మాని ఆ నీటి సంచిని తల్లి కడుపులోనే ఉంచుకున్నాయి. పెద్దవాళ్ళు ఉమ్మనీరు అనేది ఆ నీటినే.

నేలమీద ఈ జంతువులు ఎంత పెరిగాయో చెప్పే సాక్ష్యాలు ప్రాణహిత, గోదావరి లోయలో ఉన్నాయి. మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో కోట గ్రామం పేరుతో పిలిచే రాతిపొరలు ఉన్నాయి. కలకత్తాలోని భారత గణాంక సంస్థ భూగర్భ శాస్త్రజ్ఞులు 1958-61 మధ్య అక్కడ ఒక భారీ డైనోసార్ ఎముకలను తవ్వి తీశారు. దాని తొడ ఎముక మనిషి ఎత్తంత ఉంది. బెంగాలీలో 'పా' అంటే కాలు. పెద్ద కాలుగల బల్లి అనే అర్థంతో, రవీంద్రనాథ ఠాగూరు పేరు కలిపి, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఇవే రాతిపొరల్లో అతి చిన్న క్షీరదాల పళ్ళు కూడా దొరికాయి. కొండంత డైనోసార్ల కాళ్ళ నడుమ ఎలుకలంతటి క్షీరదాలు తిరిగేవన్నమాట.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పెద్ద గ్రహశకలం ఒకటి భూమిని ఢీకొంది. ఆ ఉత్పాతంలో డైనోసార్లు నశించాయి. వాటిలో ఒక శాఖ మాత్రం మిగిలింది. ఆ శాఖవే నేటి పక్షులు. ఖాళీ అయిన చోట్లను చిన్న క్షీరదాలు ఆక్రమించి బహురూపాలు దాల్చాయి.

నేడు ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు కలిపి 35 వేలకు పైగా జాతులు ఉన్నాయి. వాటి రూపాలు వేరు, మూలం ఒకటే. మనిషి చేతిలో దండలో ఒక ఎముక, ముంజేతిలో రెండు, మణికట్టులో చిన్న ఎముకలు, తరువాత వేళ్ళు ఉన్నాయి. గబ్బిలంలో ఆ వేళ్ళే గొడుగుపుల్లల్లా సాగి రెక్కను మోస్తాయి. చిలికా సరస్సులోని ఇరావతీ డాల్ఫిన్ తెడ్డులో దాగినవీ ఆ ఎముకలే. కాళ్ళు పోగొట్టుకున్న కొండచిలువకు తోక మొదట్లో వెనుక కాళ్ళ గుర్తులు మిగిలాయి.

తాబేలు తెడ్డులోనూ ఆ ఎముకలే ఉన్నాయి. దాని పూర్వికులు నేలమీద బతికి మళ్ళీ నీటికి వెళ్ళాయి. ఒళ్ళు ఈతకు అలవడింది గాని గుడ్డు మారలేదు. పెంకులోని పిండానికి గాలి కావాలి. నీటిలో పెడితే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే తల్లి ఇంత శ్రమపడి ఒడ్డుకు వస్తుంది.

ఆ పాత చరిత్రే దానికి నేడు ప్రమాదం తెస్తున్నది. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులే ఉన్నాయి. పెద్ద పడవల వలల్లో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. గుడ్లనుంచి వచ్చిన పిల్లలు సముద్రంమీది వెలుగు అనుకొని ఊరి దీపాల వైపు దారితప్పుతాయి. ఋషికుల్య తీరపు గ్రామాల యువకులు రాత్రిళ్ళు కావలి ఉండి, దారితప్పిన పిల్లలను ఏరి సముద్రంలో వదులుతున్నారు. కప్పల పరిస్థితీ అంతే. వాటి పలుచని చర్మం గుండా విషాలు సులభంగా లోపలికి పోతాయి. ఉభయచరాల్లో నూటికి సుమారు 41 జాతులు ప్రమాదంలో ఉన్నాయని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పొలాల్లో పురుగులను తినే కప్పల కాళ్ళను విదేశాలకు అమ్మడాన్ని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది.

కోట్ల ఏళ్ళ మార్పులకు తట్టుకొని నిలిచిన ప్రాణి ఒక వలకు, ఒక దీపానికి బలి కావచ్చు. ఒక దీపం ఆర్పితే బతకనూ వచ్చు.

అర్థాలు
వాజం : చేప ఈదడానికి ఉపయోగపడే అవయవం
శిలాజం : రాతిలో నిలిచిపోయిన పూర్వప్రాణి అవశేషం
ఉభయచరం : నీటిలోను, నేలమీద బతికే జంతువు
ఉత్పాతం : పెద్ద విపత్తు

ప్రశ్నలు
1. టిక్టాలిక్‌లో చేప లక్షణాలేవి? చేపకు లేని లక్షణాలేవి?
2. "చెరువునే తనలో దాచుకుంది" అన్న మాటను వివరించండి.
3. తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు ఎందుకు రావాలి?
4. మీ ఊళ్ళో కనిపించే ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాల పేర్లు రాయండి. తెలుగులోను, మీ ప్రాంతపు భాషలోను వాటిని ఏమంటారో పెద్దలనడిగి పట్టికగా రాయండి.

భాషాభ్యాసం
కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి : వెన్నెముక, ఊపిరాడక, ఒక్కొక్కటి.