బిడ్డలకు ఈత నేర్పుట

చదువవలసిన భాగములు: యెహెజ్కేలు 47:1–5, అపొస్తలుల కార్యములు 27:21–44, మత్తయి 14:22–33.



వేసవి సెలవులు సమీపించుచున్నవి. బడి మూసిన మరునాటినుండి మన పిల్లలు ఎక్కడ నుందురో మనకందరికి తెలియును. చెరువు గట్టున, దిగుడు బావిలో, ఏటి ఇసుక గుంటలలో నుందురు. వద్దని చెప్పుదుము, బెత్తము చూపుదుము. వారు మన కన్నుగప్పి పోవుదురు. ఎండకు మాడిన బిడ్డ నీటిని చూచి నిలువగలడా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021వ సంవత్సరములో లోకమంతట సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. వారిలో రమారమి నాలుగవ వంతు 5 ఏండ్లు నిండని పసివారు. మన పల్లెలలో ఇట్టి దుఃఖము కలిగినప్పుడు పెద్దలు రెండు మాటలలో ఏదో యొకటి పలుకుదురు. "చెరువు ఈ యేడు బలి తీసికొన్నది" అందురు. లేదా "దేవుని చిత్తము" అందురు. ఈ రెండు మాటలను గూర్చి కొంచెము ఆలోచింతము.

మొదటి మాటకు ఎక్కువ సేపు పట్టదు. నీరు దేవుడు కాదు, దయ్యమును కాదు. ఆదికాండము మొదటి అధ్యాయములో సృష్టికర్త నీళ్లను ఒకచోట చేర్చి, వాటికి హద్దు నియమించి, చూచి సంతోషించెను. నీరు ఎవరినిగాని కోరదు, ఎవరిమీదగాని పగబట్టదు. అయితే దానికి నియమింపబడిన పద్ధతి ఒకటి యున్నది. ఆ పద్ధతి నెరిగినవానిని అది మోయును, ఎరుగనివానిని మోయదు. మన పొరుగువారు నీటిని పూజించుటను చూచి నవ్వువారు మనలో కొందరున్నారు. ఆ పొరుగువారు చెరువులో దిగుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి చేతులు జోడింతురు. మనవారు ఆలోచన లేక దూకుదురు. సృష్టిని పూజింపకపోవుట మంచిదే గాని, లక్ష్యపెట్టకపోవుట భక్తి కాదు.

రెండవ మాట కష్టమైనది. దానికి జవాబు పౌలు ఓడ ప్రయాణములో నున్నది. ఆ ఓడలో 276 మంది యుండిరి. దినముల తరబడి తుపాను కొట్టెను. ఒక్క ప్రాణమునకైనను హాని కలుగదని దేవుని దూత పౌలునకు ముందుగనే తెలియజేసెను. అట్టి వాగ్దానము వచ్చిన పిమ్మట వారు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. త్రాడు వేసి లోతు చూచిరి. 20 బారలు, తరువాత 15 బారలు తేలెను. బలము కొరకు ఆహారము పుచ్చుకొనిరి. ఓడ చీలిపోవుచుండగా శతాధిపతి ఈత వచ్చినవారిని మొదట దూకుమనెను, రానివారిని పలకలమీదను చెక్కలమీదను పొమ్మనెను. అందరును మెలితే ద్వీపపు ఒడ్డు చేరిరి. దేవుడు తన మాటను నెరవేర్చుటకు కొందరి చేతుల ఈతను, కొందరి రొమ్ముక్రింది పలకను వాడుకొనెను. వాగ్దానమునకు ఈతకు విరోధము లేదు. కాగా, ఈత నేర్పకుండ విడిచిపెట్టి, తరువాత దానికి దేవుని చిత్తమని పేరు పెట్టుట తగదు. ఈ మాట బిడ్డను పోగొట్టుకొన్న ఇంటిలో చెప్పదగినది కాదు. అక్కడ మన పని వారితో కూర్చుండి ఏడ్చుటయే. ఇంకను బిడ్డలు ఆడుకొనుచున్న ఇండ్లలో చెప్పవలెను.

యూదులు ఈ సంగతి బాగుగా గ్రహించిరి. వారి తల్ముదు గ్రంథములో తండ్రి కుమారునికి చేయవలసిన పనులు చెప్పబడినచోట, ధర్మశాస్త్రము నేర్పుట, పని నేర్పుట మొదలైన వాటితో కూడ, ఈత నేర్పుటయు అతని బాధ్యతయేనని కొందరు బోధకులు చెప్పిరి. ప్రాణము దానిమీద ఆధారపడునని వారి తలంపు.

ఇక నేర్పు విధము. యెహెజ్కేలు తన దర్శనములో మందిరమునుండి పారు నీటిని చూచెను. వెయ్యేసి మూరలు కొలుచుచు పోగా నీరు చీలమండల వరకు, మోకాళ్ల వరకు, మొల వరకు వచ్చి, చివరకు ఈదక తప్పని నది ఆయెను. ప్రవక్త ఈత పాఠము వ్రాయలేదని మేమెరుగుదుము. అది దేవుని కృపనుగూర్చిన దర్శనము. అయినను ఆ నడిపించినవాని పద్ధతి చూడుడి. కొలనూలు పట్టుకొని ముందు తాను కొలిచెను, తరువాత ప్రవక్తను నీటిలో నడిపించెను. ఒక్కసారిగా లోతులోనికి త్రోయలేదు. మన ఊళ్లలో పిల్లవానిని ఎత్తి బావిలో పడవేసి "చచ్చినట్టు నేర్చుకొనును" అను వారున్నారు. అట్లు కొందరు నేర్చుకొందురు. కొందరు జన్మమంతయు నీటికి భయపడుదురు. కొందరు పైకి రారు.

కాబట్టి నేర్పువాడు మొదట తానే దిగి వెదురు గడతో అడుగు చూడవలెను. ఊబి ఎక్కడ, మట్టి తీసిన గోతులు ఎక్కడ, తూము ఎక్కడ అని తెలిసికొనవలెను. తూము దగ్గర ఎన్నడును నేర్పరాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినప్పటినుండి గోదావరి డెల్టాలో కాలువలు ఇండ్ల ముంగిటనే పారుచున్నవి. వేసవిలో సాధారణముగా కట్టివేసి, తొలకరికి మరల నీరు వదలుదురు. ఆ క్రొత్త నీటి వడికి పెద్దవారే నిలువలేరు. కాలువ నేర్చుకొను స్థలము కాదు. నిలిచిన నీరే మంచిది.

చీలమండల లోతున పిల్లలను నిలువబెట్టి, కొంతసేపు ఊరక నీటిని చూడనియ్యుడి. తరువాత ముఖము కడుగుకొని, ముఖము నీటిలో పెట్టి, నోటితో గాలి విడిచి బుడగలు చేయవలెను. ఇది ఆటవలె కనబడును గాని ఈతలో సగము పని ఇదియే. ఊపిరి విడుచుట రానివాడు ఎంత చేతులు కొట్టినను పది బారలు పోలేడు. మోకాళ్ల లోతున కూర్చుండి తల ముంచుట, కన్నులు తెరచుట నేర్పుడి.

మొల లోతున అసలు పాఠము. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ఒక అరచేయి తల క్రింద, ఒకటి నడుము క్రింద ఉంచుడి. రొమ్ము నిండ గాలి పీల్చుమనుడి. చెవులు నీటిలో మునుగగానే గట్టుమీది సందడి ఆగిపోవును; తన ఊపిరి తనకు వినబడును. ఆ సమయమున మేము మాటలాడము, పిల్లలను మాటలాడనియ్యము. మొదట మెడ కట్టెవలె బిగిసియుండును. కొంతసేపటికి తల బరువు మన అరచేతిలో పడును. అప్పుడు తెలియును, బిడ్డ నీటిని నమ్మెనని. నడుము క్రింది చేయి మెల్లగా దించుడి. తేలుచున్న సంగతి బిడ్డకు తరువాతగాని తెలియదు.

ఇందులో మంత్రమేమియు లేదు. మనిషి దేహము బరువు ఇంచుమించు నీటి బరువుతో సమానము. రొమ్ములో గాలి నిండియున్న యెడల తేలును, గాలి పోయిన యెడల క్రుంగును. ఆదిలో దేవుడు నరుని నాసికలో ఊదిన ఊపిరియే నీటిమీద కూడ మనలను ఎత్తిపట్టుచున్నది. సన్నని పిల్లల కాళ్లు క్రిందికి వ్రేలాడును. అది వారి తప్పు కాదు గనుక గద్దింపకుడి. చేతులు పైకెత్తినయెడల వాటి బరువు తలను క్రిందికి త్రోయును. భయపడినవాడు చేయునది సరిగా ఇదియే.

ఆ తరువాత కాళ్లు ఆడించుట. మన పెద్దలు ఎండిన సొరబుర్రలు గాని బెండు గాని నడుమునకు కట్టి నేర్పిరి. ఇప్పుడు మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా కట్టుచున్నారు. ఏదైనను సరే, ముడి జారును గనుక చేయి చాచిన దూరములో పెద్దవారుండవలెను. బంగ్లాదేశపు పల్లెలలో చెరువు నీటిలోనే వెదురుతో దడి, తట్టి కట్టి, 4 ఏండ్లు దాటిన పిల్లలకు నేర్పుచున్నారు. 25 మీటర్లు ఈదగలిగి, 30 సెకండ్లు తేలియుండగలిగిన యెడల నేర్చినట్టు లెక్క. వెదురునకు మనకు కొదువ లేదు. అంతకంటె చిన్న పిల్లలకు ఈత కాదు, కావలి కావలెను. గాబులోని జానెడు నీరును వారికి లోతే.

పేతురు నీటిమీద నడచిన వృత్తాంతమును చూపి, విశ్వాసముంటే ఈత ఎందుకని అడుగువారున్నారు. పేతురు సముద్రముతో పరిచయము లేనివాడు కాడు, జాలరి. యోహాను 21వ అధ్యాయములో ఆయన ప్రభువని విని దోనె విడిచి సముద్రములో దూకెను. ఒడ్డు 200 మూరల దూరము. ఈదెనో, నడచెనో వాక్యము చెప్పలేదు. గాలిని చూచి భయపడిన రాత్రి మాత్రము మునుగసాగెను. నీటితో అలవాటున్నవానిని సహితము భయము ముంచును. ప్రభువు ఒడ్డుననుండి బోధింపలేదు, చేయి చాచి పట్టుకొనెను.

మునుగుచున్న బిడ్డ చాలసార్లు కేక వేయడు. నోరు నీటి మట్టమున నుండగా కేక రాదు. పిల్లల గుంపు నిశ్శబ్దమైన యెడల వెంటనే చూడవలెను. పట్టుకొనుటకు తొందరపడి దూకకుడి. ఒకరికి ఇద్దరు పోవుదురు. గట్టున బోర్ల పండుకొని గడ చాపుడి. పంచె, చీర, మోకు ఏదైనను విసరుడి. పైకి తీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పుట, పొట్ట నొక్కుట మానవలెను. ఊపిరి లేనియెడల నోటిలో నోరు పెట్టి ఊదుచు, రొమ్ము నడుమ నొక్కుచు, వేరొకరిని 108 వాహనమునకు ఫోను చేయ బంపుడి.

ఒక మాట మిగిలినది. ఆడపిల్లలకు ఈత ఎందుకనువారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. నీళ్లకు, బట్టలు ఉదుకుటకు గట్టుకు పోవునది వారే. కాలు జారినప్పుడు తడిసిన లంగా కాళ్లకు చుట్టుకొనును. వారికి ఉదయమున, మగవారు రాని వేళ, స్త్రీలే నేర్పవలెను. ఈత తెలిసిన తల్లులు, అక్కలు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురైన నుందురు. చిన్నప్పుడు నేర్చి ఎవరితోను చెప్పనివారు. అట్టివారు రాబోవు ఆదివారము ఆరాధన తరువాత తమ పేర్లను బైబిలు స్త్రీకి ఇయ్యవలెను. ప్రతి సంఘపెద్దయు వెదురు గడలు రెండు, మోకు ఒకటి సమకూర్చి, పిల్లలు దిగు గట్టున ఉంచవలెను.