పనికి ముందు కూటము

చదువవలసిన వాక్యభాగము: నెహెమ్యా 2వ అధ్యాయము. (3వ అధ్యాయమును ఇంటివద్ద కుటుంబ ప్రార్థనలో చదువుకొనుడి.)



మన పల్లె సంఘములు మందిరము కట్టుటకు పూనుకొనినప్పుడు రెండు దినములను గూర్చి అందరును మాటలాడుదురు. ఒకటి శంకుస్థాపన దినము, మరియొకటి ప్రతిష్ఠ దినము. శంకుస్థాపనకు పందిరి వేయుదురు, దూరపు అతిథులను పిలుతురు, రాతిమీద పేర్లు చెక్కింతురు, భోజనములు పెట్టుదురు. ఈ రెండు దినముల నడుమనున్న నెలలలో ఏమి జరుగవలెనో కూర్చుండి మాటలాడిన సంఘములు మాత్రము తక్కువ. రాయి వేసి ఏండ్లు గడిచినను గోడలు నడుమెత్తున నిలిచి, ఇనుప చువ్వలు త్రుప్పుపట్టి ఆకాశమువైపు చూచుచున్న మందిరములను మీరును చూచియుందురు. వాటిలో కొన్ని డబ్బులేక ఆగినవి. కొన్ని మాట కుదరక ఆగినవి. మేస్త్రీ ఒకటి అనుకొనెను, పెద్దలు మరియొకటి అనుకొనిరి, యౌవనస్థులు మూడవది కోరిరి. గోడ ఆగినది, కొన్నిచోట్ల సంఘమే రెండు వీధులుగా చీలినది.

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో ముగించెనని 6వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ వేగమును మనము మెచ్చుకొందుము గాని, దానికి ముందు జరిగినది గమనింపము. అతడు షూషను కోటలో రాజు ఎదుట నిలిచినప్పుడే ఎంతకాలము పట్టునో చెప్పెను. దారిలోని అధికారులకు పత్రికలు అడిగెను. అడవి కాపరియైన ఆసాపునకు మ్రానులకొరకు వేరుగా పత్రిక అడిగెను. అనగా గడువు, అనుమతి, సామగ్రి అను మూడు సంగతులను ప్రయాణము కట్టకముందే తేల్చుకొనెను. యెరూషలేమునకు వచ్చి మూడు దినములుండి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడలను తన కన్నులతో చూచెను. ఒకచోట అతడు ఎక్కిన పశువు పోవుటకు త్రోవయే లేకపోయెను. అంతవరకు ఎవరికిని ఏమియు చెప్పలేదు. చూచిన తరువాతనే యాజకులను, ప్రధానులను, అధికారులను, పనిచేయవలసిన తక్కినవారిని ఎదుట పెట్టుకొని సంగతి విప్పెను. ఆ కూటములోనే కట్టుదమను మాట జనుల నోట వచ్చినది. చూడకముందే కూటము పెట్టియుండినయెడల అక్కడ ఊహలు తప్ప మరేమియు ఉండకపోవును.

కాబట్టి మన కూటమునకు ముందుగా కొందరు వెళ్లి చూడవలసినవి ఉన్నవి. స్థలపు కాగితము ఎవరి పేరున ఉన్నది? దాత నోటిమాటగా ఇచ్చిన స్థలమైతే ఆయన కుమారులును అదే మాట మీద ఉన్నారా? పంచాయతి అనుమతి వచ్చినదా? ఆరాధన స్థలమునకు ఇంకను ఎవరి అనుమతి కావలెనో మండల కార్యాలయములో అడిగి, వచ్చిన జవాబును కాగితముమీదనే పుచ్చుకొనవలెను. పునాది పడుచోట ఒక గొయ్యి త్రవ్వి చూడవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెరియలు విచ్చును. ఎర్రనేలమీద నిలిచిన పునాదినే అక్కడ వేసినయెడల గోడలు బీటలు వారును. ఆ గొయ్యిని ఇంజనీరుకు చూపి, పునాది లోతును ఆయనచేత వ్రాయించుకొనవలెను. పక్క ఊరి మందిరపు కొలత మనకు పనికిరాదు. స్థలముమీదుగా కరెంటు తీగలు పోవుచున్నవేమో తల యెత్తి చూచుటయు ఇందులో భాగమే.

ఇక కూటము సంగతి. దీనిని ఆదివారపు ఆరాధన ముగిసిన వెంటనే పెట్టవద్దని నా మనవి. అప్పుడు అందరికిని ఆకలి, పిల్లల ఏడుపు; పైగా మేస్త్రీ ఆ దినము రాడు. పనిదినమున సాయంకాలము, కట్టబోవు స్థలములోనే, చెట్టు నీడను పెట్టుకొనుడి. సంఘ పెద్దలు, కోశాధికారి, స్త్రీల సమాజమునుండి ఇద్దరు, యౌవనస్థులలో ఒకరు, తాపీమేస్త్రీ, సెంట్రింగు మేస్త్రీ, చువ్వలు వంచువాడు, కరెంటు పనివాడు, ఇంజనీరు ఉండవలెను. పది పదిహేనుమంది చాలును. మేస్త్రీ మన విశ్వాసమునకు చెందినవాడు కాకపోవచ్చును. ఆయనను నిలువబెట్టి పెద్దలు కుర్చీలలో కూర్చుండుట మర్యాద కాదు. ఆయనకును కుర్చీ వేసి, మేస్త్రీగారూ అని పిలిచి, మొదట ఆయననే మాటలాడనియ్యవలెను. ప్రార్థన చేయుడి, ప్రసంగము చేయకుడి.

మొదట పటమును పరచి అందరికిని చదివి వినిపించవలెను. పటము చూచి తల ఊపువారందరికి అది తెలిసినదని అనుకొనరాదు. నేలమీద సున్నముతో గీతలు గీసి, ఇది ద్వారము, ఇది వేదిక, ఇక్కడ స్త్రీలు కూర్చుందురు అని నడిచి చూపిన యెడల ముసలమ్మలు కూడ సందేహము అడుగుదురు. ఆ సందేహము అప్పుడు వచ్చుట మేలు. గోడ లేచిన తరువాత వచ్చినయెడల గునపము కావలెను.

తరువాత ధర. మన ప్రాంతములలో కూలి కంట్రాక్టు చదరపు అడుగుకు ఇంత అని కుదుర్చుకొందురు. తగవులన్నియు ఈ ఒక్క మాటలోనే దాగియున్నవి. ఏ చదరపు అడుగు? గోడల వెలుపలి కొలతయా, లేక ముందుకు వచ్చిన సజ్జాలతో కూడ శ్లాబు కొలతయా? లోపలి పూత అందులో ఉన్నదా? నేల పరచుట, మెట్లు, పిట్టగోడ, గంట స్తంభము ఉన్నవా? తడుపుట ఎవరి పని? సెంట్రింగు చెక్క అద్దె ఎవరిది? ప్రతి దానికి ఔను లేదా కాదు అని వ్రాసికొనవలెను. పని నడుచుచుండగా సంఘస్థులకు క్రొత్త కోరికలు పుట్టక మానవు. పక్క ఊరిలో చూచివచ్చి కిటికీకి కమాను కావలెనందురు. అదనపు పని ఏదైనను దాని ధర కాగితముమీద వ్రాసి సంతకము పడినగాని మొదలుపెట్టకూడదని ఆ దినమే ఒప్పుకొనవలెను.

ఆ సంతకము ఎవరిది? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, కూటమంతటిలో బరువైనది ఇదియే. ఎనిమిదిమంది పెద్దలున్న సంఘములో ఎనిమిదిమందియు ఉదయము పొలమునకు పోవుచు మేస్త్రీకి ఒక్కొక్క ఆజ్ఞ ఇచ్చుచుందురు. సాయంకాలమునకు గోడ ఎవరి మాట వినవలెను? నెహెమ్యా 4వ అధ్యాయములో పని గొప్పది, జనులు గోడపొడుగునను చెదరియున్నారు. గనుక బూర ఊదువాడు నెహెమ్యా ప్రక్కనే ఉండెను, ఆ నాదము వినబడినచోటికి అందరును కూడుకొనవలెనని ఏర్పాటు చేసిరి. బూర ఒక్కటే. అట్లే మేస్త్రీతో మాటలాడుటకు ఒక్కరిని నియమించుడి. తక్కినవారు ఏమి చెప్పదలచినను ఆయనకు చెప్పవలెను. ఆ ఒక్కరు పాస్టరు కాకుండుటయే మంచిదని నా అభిప్రాయము. ప్రతి ఇటుకకు పాస్టరును పిలిచినయెడల రోగుల పరామర్శ ఎప్పుడు జరుగును?

డబ్బు విషయములో 2 రాజులు 12వ అధ్యాయము మంచి పాఠము. యోవాషు కాలములో పెట్టెలో ద్రవ్యము నిండినప్పుడు రాజుయొక్క లేఖరియు ప్రధానయాజకుడును ఇద్దరు కలిసి లెక్కించి, పని చేయించువారి చేతికి ఇచ్చిరి. వారు నమ్మకస్థులు గనుక లెక్క అడుగలేదని కూడ అక్కడ ఉన్నది. కొందరు ఆ చివరి మాటనే పట్టుకొని చిట్టా వ్రాయుట మానుదురు. లోపలికి వచ్చినది ఇద్దరు లెక్కించిరని మరువవద్దు. ఈ దినములలో కానుకలు ఫోనులో కూడ వచ్చుచున్నవి. అవి ఒక వ్యక్తి సొంత ఖాతాలో పడకుండ సంఘపు ఖాతాలోనే పడునట్లు ముందే చూచుకొనవలెను. మేస్త్రీకి బయానా ఎంత, పునాది ముగిసినప్పుడు ఎంత, లింటెలు మట్టమునకు ఎంత, శ్లాబుకు ఎంత, పూత తరువాత ఎంత అని విడతలు నిర్ణయించుడి. వారమువారము కూలీల చేతికి డబ్బు అందుచున్నదో లేదో కూడ అడుగవలెను. మేస్త్రీకి చేరినంతమాత్రమున కూలివానికి చేరినట్లు కాదు.

లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరినవాడు కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను. మనమును ఒక లెక్క వేయుదము. వెడల్పు 20 అడుగులు, పొడవు 30 అడుగులు గల చిన్న మందిరమునకు 5 అంగుళముల శ్లాబు వేయవలెననుకొనుడి. అది 250 ఘనపుటడుగులు. సిమెంటు 1, ఇసుక ఒకటిన్నర, కంకర 3 పాళ్లు కలిపినయెడల దూలములు గాక శ్లాబుకే సుమారు 57 బస్తాల సిమెంటు కావలెను. శ్లాబును ఒకే దినమున ఆపకుండ పోయవలెను. సగము నేడు, సగము సంక్రాంతి కానుకలు వచ్చిన తరువాత అనుటకు వీలులేదు. గనుక సిమెంటు, చువ్వలు, కంకర, ఇసుక, కూలి అంతయు చేతిలో ఉన్నప్పుడే శ్లాబు తేదీ పెట్టవలెను. అంతవరకు గోడలు ఆగియుండినను నష్టము లేదు.

నీళ్ల సంగతి కూడ ఇక్కడనే తేలవలెను. ఆ పాళ్లకు ఒక బస్తా సిమెంటునకు నీరు, ఇసుకలోని తడితో కలిపి, 30 లీటర్లకు మించరాదని భారత ప్రమాణ గ్రంథము చెప్పుచున్నది. పలుచగా ఉన్నయెడల పోయుట సుళువని కూలీలు బిందెతో గుమ్మరింతురు; అట్టి కాంక్రీటు బలహీనమగును. పోసిన తరువాతనో దానికి విరుద్ధము, నీరు ఎంత నిలిపినను మంచిదే. సాధారణ సిమెంటుకు తక్కువలో తక్కువ 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుకు 10 దినములు తడిగా ఉంచవలెను. మన ఎండలకు 14 దినములు ఉంచుట క్షేమము. సెంట్రింగు మేస్త్రీ చెక్కలకు దినమునకు ఇంత అని అద్దె ఉండును గనుక త్వరగా విప్పవలెనని తొందరపడును. సాధారణ సిమెంటైతే 15 అడుగులలోపు శ్లాబు క్రింది ఊతకఱ్ఱలను 7 దినములవరకు, అంతకు మించిన వెడల్పునకు 14 దినములవరకు, 20 అడుగులు దాటిన దూలము క్రింద 21 దినములవరకు తీయరాదు. బూడిద కలిసిన సిమెంటైతే ఇంజనీరు చెప్పినన్ని దినములు ఇంకను ఆగవలెను. మందిరములో నడుమ స్తంభములు ఉండకూడదని మనము కోరుదుము గనుక మన దూలములు పెద్దవే. ఆ 21 దినముల అద్దెను ధరలో ముందే చేర్చినయెడల ఆ మేస్త్రీకిని మనకును తగవుండదు. ఆ శ్లాబు క్రింద రేపు మన పిల్లలు కూర్చుందురు.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త యిల్లు కట్టువాడు మీదనుండి ఎవడైనను పడకుండ పిట్టగోడ కట్టవలెనని, లేనియెడల ఆ రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చునని దేవుడు ఆజ్ఞాపించెను. ఇల్లు ముగిసిన తరువాతి ఆజ్ఞ అది. కట్టుచున్నప్పుడు పరంజామీద నిలిచిన మనుష్యుని సంగతి ఏమి? పరంజాకు ఏ కఱ్ఱలు, ఎవరు కట్టుదురు, ప్రతి ఉదయము ఎవరు లాగి చూతురు? పొడవైన చువ్వలు పైకెత్తునప్పుడు కరెంటు తీగ తగిలి మనుష్యులు చనిపోవుదురు. తీగ దగ్గరగా ఉన్నయెడల విద్యుత్ శాఖవారికి చెప్పి జరిపించిన తరువాతనే పని. మట్టి మోయుటకు మన బడిపిల్లలను ఉత్సాహపరచవద్దు. దెబ్బ తగిలినవానిని ఏ బండిలో, ఏ ఆసుపత్రికి తీసికొనిపోవుదుమో, ఖర్చు ఎవరు భరింతురో ముందే మాటలాడుడి. 1996లో పార్లమెంటు చేసిన చట్టము మూలముగా కట్టడపు కూలీలకు సంక్షేమ బోర్డులు ఏర్పడినవి. వచ్చిన కూలీలలో ఎవరికి కార్డు లేదో అడిగి, మన చదువుకొన్న యౌవనస్థులచేత పేర్లు నమోదు చేయించినయెడల, మందిరము ముగిసి వారు వెళ్లిపోయిన తరువాతను అది వారికి మిగులును.

ఇప్పుడు సంఘస్థుల వంతు. నెహెమ్యా 3వ అధ్యాయము పేర్ల పట్టికవలె కనబడి మనము దాటిపోవు అధ్యాయము. అందులో ప్రధానయాజకుడు గొఱ్ఱెల గుమ్మమువద్ద పనికి దిగెను. కంసాలులు, సుగంధద్రవ్యములు చేయువారు గోడ కట్టిరి. షల్లూము తన కుమార్తెలతో కూడ కట్టెను. అనేకులు తమ యింటి ఎదుటి భాగమునే బాగుచేసిరి. తెకోవ ఊరి ఘనులు మాత్రము మెడ వంచలేదు, అయినను ఆ ఊరివారు ఒక భాగము ముగించి రెండవ భాగము కూడ పట్టుకొనిరి. మన కూటములో ఇట్లే వంతులు వ్రాయవలెను. తడుపుటకు ఏ దినము ఏ కుటుంబము? రాత్రి సిమెంటు కాపలా ఎవరు? మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన గొప్ప దేవాలయము కరవు దినములలో వేలమందికి పనియు అన్నమును ఇచ్చి లేచినది. డోర్నకలులో అజరయ్య బిషపుగారి కాలమున కట్టిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడినది. అవి ఏండ్లతరబడి సాగిన పనులు; వంతులు లేక అవి సాగియుండవు.

వంతులు వ్రాయునప్పుడు ఒక జాగ్రత్త. శ్రమదానమని పిలిచినప్పుడు జీతగాడైనవాడు సెలవు పెట్టి వచ్చును. కూలివాడు వచ్చినయెడల ఆ రాత్రి అతని ఇంట పొయ్యి వెలుగదు. ఇంటికి ఇంత అని కట్టిన చందా కొరకు అప్పు చేసినవారున్నారా అని పెద్దలు గుట్టుగా విచారింపవలెను. నెహెమ్యా 5వ అధ్యాయమున గోడ లేచుచుండగనే జనులు, మా పొలములు కుదువపెట్టితిమి, మా పిల్లలు దాసులైరి అని మొరపెట్టిరి. నెహెమ్యా ఆ సంగతిమీద పెద్ద సమాజము కూర్చి, పొలములను తిరిగి ఇప్పించువరకు విడువలేదు. అప్పుచేసి తెచ్చిన చందాను పుచ్చుకొనకుండ, నీవు రెండు సాయంకాలములు నీళ్లు పట్టుము, అదియే నీ కానుక అని చెప్పగల ధైర్యము కోశాధికారికి కూటమే ఇయ్యవలెను. ఆయన ఒక్కడు చెప్పలేడు.

ఆరాధన దినమున పని ఆగుననియు, మేస్త్రీ వారి పండుగలకు ఎన్ని దినములు పోవుదురో అడిగి తేదీలలో కలుపుకొనవలెననియు చెప్పనక్కరలేదు. నాట్ల దినములలోను కోతల దినములలోను కూలీలు దొరకరని మనకు తెలిసినదే.

కూటమంతయు ఒకరు నోటుపుస్తకములో వ్రాయవలెను. లేవకముందే వ్రాసినదంతయు బిగ్గరగా చదువవలెను. చదువురాని మేస్త్రీ ఉన్నయెడల ఆయన తెచ్చుకొనిన మనుష్యుడు చదివి వినిపించవలెను. నేను అట్లు అనలేదు అని ఎవరైనను అన్నయెడల సంతోషించి అక్కడనే దిద్దుడి. అందరును సంతకములు, వేలిముద్రలు వేసిన తరువాత ఒక ప్రతి మేస్త్రీకి ఇచ్చి, ఒక ప్రతిని సంఘపు పెట్టెలో ఉంచి, ఒకటి స్థలములోని సిమెంటు కొట్టు తలుపుకు అంటించుడి. శ్లాబుకు పది దినములు ముందు మరల కూర్చుండుటకు తేదీని ఆ కాగితము అడుగున వ్రాయుడి. ఆ దినము బస్తాలు లెక్కించి, నీళ్ల ట్యాంకరుకు బయానా ఇచ్చి, తడుపు వంతులను ఆదివారము ఆరాధనలో చదివింతురు.