పాస్తా సలాడ్ తింటే ఏమీ కాదు కదా?

సందేహాలు - సమాధానాలు

పాస్తాని ఉడికించి, చల్లార్చి, చీజు, పెరుగు, పచ్చని కూరగాయలు కలిపే క్రీమీ సలాడ్ గురించి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలివి. వంట ఎలా చెయ్యాలన్నది అందరికీ తెలిసినట్టే ఉంది. తిన్నాక ఏమవుతుందోనన్న బెంగే ఎక్కువగా ఉంది. పెరుగుపచ్చడి కలిపిన చేతికి ఈ సలాడ్ కొత్త కాదు. ఇందులో చూసుకోవాల్సింది వస్తువుల్ని కాదు, ఎంతసేపు, ఎంత వేడిలో బయట ఉందన్నదాన్ని.

*

మా అబ్బాయి పుట్టినరోజుకి చీజు, బీన్సు, బఠాణీ వేసి పాస్తా సలాడ్ చేశాను. కలిపినప్పుడు జారుగా బాగుంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీసేసరికి ముద్దకట్టి పొడిబారిపోయింది. మా అత్తగారు చూసి ‘ఇదేటమ్మా, చల్దన్నంనాగుంది’ అన్నారు. పాడైందేమోనని భయపడి పిల్లలకి పెట్టలేదు.
- ఓ గృహిణి, ఆమదాలవలస

మీరేమీ పాడుచెయ్యలేదమ్మా, నిశ్చింతగా పెట్టాల్సింది. పాస్తా గోధుమరవ్వతో చేసేది కాబట్టి ఉడికాక కూడా తడి పీల్చుకుంటూనే ఉంటుంది, చల్లబడేకొద్దీ అందులోని పిండి బిగుసుకుంటుంది. పావుకిలో పాస్తాకి రెండున్నర లీటర్ల నీళ్ళు, పాతిక గ్రాముల ఉప్పు పెట్టుకుని, ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. వార్చి, చన్నీళ్ళతో కడిగి, చెంచాడు నూనె పట్టించండి. గుడ్డలో వడకట్టిన పెరుగు ఒక కప్పు, తురిమిన చీజు అర కప్పు, మీగడ రెండు చెంచాలు, దంచిన వెల్లుల్లి, మిరియాలపొడి కలిపితే క్రీము తయారు. అందులో మూడోవంతు పక్కన దాచుకుని, వడ్డించేముందు రెండు చెంచాల పాలతో కలిపి వెయ్యండి, మళ్ళీ జారుగా వస్తుంది. గట్టిపడటం మామూలే. పుల్లటి వాసన వచ్చినా, జిగురుగా తీగ సాగినా మాత్రం రుచి కూడా చూడకుండా పారెయ్యండి.

*

మా పాప ఎనిమిదో తరగతి. పొద్దున్న ఏడున్నరకి డబ్బాలో పాస్తా సలాడ్ పెడుతున్నాను, పన్నెండున్నరకి తింటుంది. బయట తిండి తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్తలు చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు. ఆపెయ్యాలా?
- ఒక తల్లి, విజయనగరం

ఇన్నాళ్ళూ తిన్నదాని గురించి ఇప్పుడు బాధపడకండి. పాప ఆరోగ్యంగా ఉంది, అది చాలు. ఇకముందు మాత్రం ఐదు గంటలు అలా పెట్టొద్దు. ఉడికిన అన్నంలోనూ పాస్తాలోనూ బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గింజల రూపంలో మరుగుకి కూడా చావకుండా ఉండగలదు. గోరువెచ్చని చోట అది పెరిగి విషం వదిలిందంటే, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. ఇలాంటి తిండి బయట రెండు గంటలకి మించి ఉండకూడదన్నది లెక్క. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే, మన వైపు ఏడాదిలో చాలా నెలలు ఆ లెక్కలోకే వస్తాయి. రాత్రే ఫ్రిజ్‌లో చల్లబరిచిన సలాడ్‌ని చల్లదనం నిలిపే స్టీలు డబ్బాలో పెట్టి, గడ్డకట్టించిన చిన్న నీళ్ళసీసాని దానికి ఆనించి సంచిలో సర్దితే కొంత నయం. అయినా నా మాట వింటే, బడికి పులుపు వల్ల కాస్త నిలిచే పులిహోర పంపించి, సలాడ్ సాయంత్రం ఇంటికొచ్చాక పెట్టండి.

ఎప్పుడైనా తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులైతే కంగారుపడకండి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తే సాధారణంగా ఒక్కరోజులో తగ్గిపోతుంది. నీళ్ళు కూడా ఇమడకపోయినా, మూత్రం తగ్గినా, రక్తం పడినా, పాప మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

*

హైదరాబాదులో మయొనైజ్ నిషేధించారని విన్నాం. మా ఇంట్లో సగం వాడిన సీసా ఉంది. పిల్లలు దాంతోనే సలాడ్ తిన్నారు. విషమా అది?
- ఒక తండ్రి, శ్రీకాకుళం

విషం కాదండీ, కాస్త స్థిమితపడండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌నే, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చన్నదే కారణం. మీ సీసా మీద గుడ్డు లేదని ఉన్నా, పాశ్చరైజ్ చేసిన గుడ్డు అని ఉన్నా ఆ భయం లేదు. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచి, లేబుల్ మీద రాసిన రోజుల్లోపు వాడెయ్యండి. బండి మీద ఎండలో రోజంతా ఉండే తెల్లని సాస్ మాత్రం పిల్లలకి వద్దు.

*

చీజులో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వేస్తారని మా నాన్నగారు అంటున్నారు. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. తెలియక నేను రెండుసార్లు తిన్నాను. మనసు కుదుటపడట్లేదు.
- ఓ చెల్లెలు, బొబ్బిలి

మీ నాన్నగారు చెప్పినది అబద్ధం కాదు, మీరు తిన్నది మాత్రం బహుశా అది కాదు. పాలు విరగడానికి వాడే రెన్నెట్‌ని పూర్వం దూడ పొట్ట నుంచే తీసేవారు, విదేశాల్లో కొన్ని రకాలకి ఇప్పటికీ అదే వాడతారు. మన దేశంలో మామూలుగా దొరికే చీజుకి సూక్ష్మజీవుల నుంచి తయారైన రెన్నెట్ వాడుతున్నారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉందేమో చూడండి, ఉంటే శాకాహారమే. గోధుమరంగు త్రికోణం కనిపిస్తే మీ ఇంటికి పనికిరాదు.

*

పెరుగు, చీజు కలిపి పొయ్యి మీద పెడితే గింజలు గింజలుగా విరిగి నీళ్ళు తేలాయి. పాలు కల్తీవా?
- ఒక సోదరి, నెల్లిమర్ల

కల్తీ ఏమీ లేదమ్మా, మంట ఎక్కువైంది. పెరుగుకి నేరుగా వేడి తగిలితే విరుగుతుంది, ఎవరింట్లోనైనా అంతే. గోరువెచ్చని పాలలో చీజు తురుము కరిగించి, దించి, పూర్తిగా చల్లారాక పెరుగు కలపండి. విరిగినది తినడానికి పనికొస్తుంది, దాన్ని చపాతీ పిండిలో కలిపెయ్యండి.

*

అరకు బీన్సు, బ్రోకలీ తెచ్చి ఉడికించాను. కాసేపటికి పచ్చదనం పోయి బురదరంగుకి దిగాయి. మందులు కొట్టిన కూరగాయలంటే ఇలాగే అవుతాయంటున్నారు. నిజమేనా?
- ఓ ఉపాధ్యాయిని, శృంగవరపుకోట

రంగు మారినంత మాత్రాన మందు ఉందని కాదు, మారనంత మాత్రాన లేదనీ కాదు. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. ఎక్కువసేపు ఉడికినా, పులుపు తగిలినా అది జారిపోయి రంగు మాసిపోతుంది. నీళ్ళు తెర్లుతుండగా కూరలు వేసి, మూతపెట్టకుండా రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసునీళ్ళలోకి తీయండి. గుడ్డ మీద ఆరబెట్టకపోతే ఆ తడంతా క్రీములోకి దిగి పలచబడుతుంది. నిమ్మరసం తినబోయే ముందే పిండండి. రంగు కోసం వంటసోడా వెయ్యొద్దు, సి విటమిన్ పోతుంది. మందుల బెంగ తీరాలంటే ధారగా పడే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడగండి, బ్రోకలీని మాత్రం పువ్వులుగా విడదీశాక కడగండి.

*

మా నాన్నగారికి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. సంక్రాంతికి పిల్లలు చేసిన చీజు పాస్తా సలాడ్ ముచ్చటపడి అడిగితే నేనే రెండు చెంచాలు పెట్టాను. తర్వాత చీజు పనికిరాదని ఎవరో అన్నారు. నేనేం చేశానా అని ఏడుపొస్తోంది.
- ఒక కూతురు, కవిటి

ఏడవకండమ్మా. ఎప్పుడో ఒకసారి తిన్న రెండు చెంచాలతో మామూలుగా ఏ ప్రమాదమూ రాదు. ఈసారి డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి డాక్టరుగారి చెవిన వెయ్యండి, చాలు. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు లేని ఊరు తక్కువ, దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. కాబట్టి ఇంట్లో ఎవరి చేతి వంటనీ తప్పుపట్టుకోవద్దు.

చీజు విషయంలో జాగ్రత్త అవసరమే. మనకి దొరికే ప్రాసెస్డ్ చీజులో ఉప్పు ఎక్కువ, అది నున్నగా కరగడానికి ఫాస్ఫేట్ లవణాలు కూడా కలుపుతారు. లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 339, 452 అని కనిపిస్తే అవే. ఇలా విడిగా కలిపిన భాస్వరం, పప్పుల్లో సహజంగా ఉండే భాస్వరం కంటే ఎక్కువగా ఒంటికి పడుతుంది, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. పచ్చని కూరల్లో పొటాషియం ఉంటుంది, పాలకూరలో మరీ ఎక్కువ.

నాన్నగారి ముచ్చట తీర్చాలనుకుంటే ఆయన గిన్నె విడిగా కలపండి. పాస్తాని ఉప్పు లేకుండా ఉడికించండి. బీన్సు చిన్నముక్కలుగా తరిగి, నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది. కీరా ముక్కలు, చెంచాడు నూనె, వెల్లుల్లి, మిరియాలు, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. చీజుకి బదులు పనీరు ఎన్ని ముక్కలు వెయ్యొచ్చో ఆయన రక్తపరీక్షలు చూసి డైటీషియన్ చెప్పాలి. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే. సోడియం తక్కువని చెప్పి అమ్మే ఉప్పు మాత్రం అసలు వాడొద్దు, అందులో ఉండేది పొటాషియమే. కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా, కండరాలు పట్టు తప్పినా, గుండె దడగా ఉన్నా తర్వాతి డయాలసిస్ రోజుదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

*

నాకు ఐదో నెల. పుట్టింట్లో చీజు సలాడ్ తిన్నాను. గర్భిణులు చీజు తింటే బిడ్డకి ప్రమాదమని ఫోన్‌లో చూసి వణికిపోతున్నాను.
- ఓ సోదరి, రాజాం

తల్లీ, మీరు చదివినది పాశ్చరైజ్ చెయ్యని పాలతో చేసిన మెత్తని చీజుల గురించి. వాటిలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ప్యాకెట్‌లో వచ్చే ప్రాసెస్డ్ చీజుని తయారీలోనే వేడిచేసి కరిగిస్తారు కాబట్టి అంత భయం అక్కర్లేదు. లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. అందుకని సలాడ్ ఏ రోజుది ఆ రోజే తినండి, కీరా బాగా కడగండి, ఎక్కడ చేశారో తెలియని విడి చీజు మానండి. జ్వరం, వణుకు, ఒళ్ళునొప్పులు వస్తే మాత్రం మామూలు జ్వరమే అనుకోకుండా డాక్టరుకి చూపించుకోండి.

*

సీసాలో వచ్చే మస్టర్డ్ సాస్ దొరక్క ఇంట్లో ఆవాలు నూరి వేశాను. సలాడంతా చేదెక్కింది. ఒంటికి చేటా?
- ఓ అక్క, చీపురుపల్లి

చేటేమీ కాదండీ, చేదు ఒక్కటే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకుంటారో ఇక్కడా అవే. నానిన బియ్యం నాలుగు గింజలు, ఉప్పు, పసుపు చేర్చి కొంచెమే నూరి, పాస్తా చల్లారాక కలపండి. పావుకిలో పాస్తాకి అర చెంచా ఆవాలు చాలు. ఆవ ముద్ద వేస్తే నూనె, నీరు విడిపోకుండా క్రీము నిలుస్తుంది కూడా. ఆవాలు పడనివాళ్ళకి దద్దుర్లు రావచ్చు, అలాంటివారికి వెయ్యొద్దు.

*

తిత్లీ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లోవన్నీ పారబోశాం. ఇప్పుడు గాలివాన పట్టిందంటే చాలు, ఏది ఉంచాలో ఏది పడెయ్యాలో తెలియక చేతులాడవు.
- ఒక పాఠకుడు, టెక్కలి

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను చూసినవారికి ఈ భయం సహజం. తలుపు తీయకపోతే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. అంతకు మించితే కలిపిన సలాడ్, ఉడికిన పాస్తా, మీగడ పారెయ్యండి, వాసన బాగున్నా సరే. ఉడికించని పాస్తా, కొయ్యని కూరగాయలు, గట్టి చీజు దిమ్మ ఉంచుకోవచ్చు. తురిమిన చీజు మీద బూజు కనిపిస్తే మొత్తం తీసెయ్యాలి, బూజు పట్టినమేర కోసి మిగతాది తినడమన్నది గట్టి దిమ్మకే, అదీ చుట్టూ అంగుళం మేర కోశాకే.

*

పాలు తాగితే నాకు కడుపుబ్బరం. క్రీమీ సలాడ్ తిన్నా అలాగే అవుతుందేమోనని పెళ్ళిళ్ళలో వదిలేస్తున్నాను. పెద్ద జబ్బేమైనానా?
- ఒక యువకుడు, పలాస

పెద్దయ్యాక పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడం మన దేశంలో చాలామందికి ఉంది, అది జబ్బు లెక్క కాదు బాబూ. గట్టి చీజులో, తోడుకున్న పెరుగులో ఆ చక్కెర తక్కువ కాబట్టి కొద్దిగా తిని చూడొచ్చు. బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. పాలే వద్దనుకుంటే మీ ఊళ్ళోనే మందు ఉంది. గుప్పెడు జీడిపప్పు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసంతో మెత్తగా రుబ్బితే చిక్కని తెల్లని క్రీము వస్తుంది, బద్ద జీడిపప్పు చవకగా దొరుకుతుంది, రుబ్బుకోవడానికి అదే చాలు. నలుగురికి వడ్డించేటప్పుడు ఇందులో జీడిపప్పు ఉందని ముందే చెప్పండి. పడనివాళ్ళకి పెదవులు వాచి ఊపిరాడకపోతే అది ఉబ్బరం కాదు, క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి.