ఇంటికి వ్రాసిన జాబులు

ప్రభుత్వముల చరిత్రము దఫ్తరములందు దొరకును. ఆ ప్రభుత్వములను నడపినవారి మనస్సు మాత్రము వారు తమ యింటికి వ్రాసికొన్న జాబులందే దొరకును. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఏర్పడిన కాలపు ప్రముఖ కుటుంబముల జాబులు నేటికిని వేలకొలదిగ భద్రముగా నున్నవి. వానిలో ఒకటి ఇంచుమించు మీ యీడు బాలికకు వ్రాయబడినది.

1783 నవంబరు 28వ తేదీన థామస్ జెఫర్సన్ తన పెద్ద కుమార్తెయగు మార్తాకు జాబు వ్రాసెను. అప్పటి కామెకు పదునొకండేండ్లు. తల్లి ముందటి యేడే మరణించెను. తండ్రి రాజకీయ కార్యములపై అనాపొలిస్ నగరమున నుండగా, ఆ బాలిక ఫిలడెల్ఫియాలో పరుల యింట నుండి చదువుకొనుచుండెను. ఉదయము ఎనిమిది గంటలు మొదలు రాత్రి నిద్రించువరకు ఏ గంటకు ఏ పని చేయవలెనో ఆ జాబులో ఉన్నది. సంగీతము, నాట్యము, చిత్రలేఖనము, ఫ్రెంచి భాష, పఠనము – అన్నిటికిని వేళలు నిర్ణయింపబడినవి. ఒక్క మాటయైనను అక్షర దోషముతో వ్రాయరాదని హెచ్చరిక కూడ కలదు! చదువరికి ఆ తండ్రి కొంత కఠినుడుగనే తోచును. కాని భార్యను పోగొట్టుకొని, బిడ్డను దూరమున నుంచినవాని బెంగయే ఆ కాలపట్టికలో దాగియున్నది.

అన్ని జాబులకును అట్టి యదృష్టము పట్టలేదు. ప్రథమాధ్యక్షుడగు జార్జి వాషింగ్టను భార్య, తామిరువురు వ్రాసికొన్న జాబులను దాదాపు అన్నిటిని తానే కాల్చివేసెను. మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. తమ కాపురపు మాటలు లోకము చదువుట ఆమె కిష్టము లేదు కాబోలు. ఆమెను తప్పు పట్టుట న్యాయము కాదు.

జెఫర్సను, వాషింగ్టను ఇరువురును వర్జీనియా భూస్వాములు. ఆ ప్రాంతపు ముఖ్యమైన పంట పొగాకు. ఆఫ్రికానుండి తేబడిన బానిసలును, వారి సంతతివారును ఆ పొలములలో పాటుపడిరి. బానిసలకు అక్షరములు నేర్పువారు అరుదు. కావున వారి యిండ్లనుండి జాబులు మనకు చేరుట మిక్కిలి తక్కువ. వారు పండించిన పొగాకు ఓడలపై స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమునకు పోవుచుండెను. అచ్చటి వర్తకులు భూస్వాములకు సరకులను అప్పుగా నిచ్చి, పొగాకు కొనుచుండిరి. 1775లో యుద్ధము ప్రారంభమైనంతనే ఈ వర్తకము కుంటుపడి, అప్పులు నిలిచిపోయెను. అట్లు చితికిపోయిన వర్తకులలో అలెగ్జాండరు మన్రో ఒకడు.

అతని కుమారుడే థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో జన్మించి, కళాశాలలో చదివిన ఈ యువకుడు, ఇంటి స్థితి తారుమారగుటచే ఈస్టిండియా కంపెనీ కాలిబంటుల దళమున చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అమెరికాలో జరిగిన యుద్ధమే ఆయనను మన రాయలసీమకు దారి పట్టించెననుట అతిశయోక్తి కాదు.

ఆ దినములలో ఓడ ఆఫ్రికా కొన చుట్టివచ్చుటకు సుమారు ఆరు మాసములు పట్టుచుండెను. ఇంటికొక ప్రశ్న వ్రాసినచో సమాధానమునకు ఏడాది యెదురు చూడవలసినదే. అయినను మన్రో తలిదండ్రులకును, సోదరికిని విడువక జాబులు వ్రాసెను. జీతములో మిగిల్చి తలిదండ్రులకు ధనము పంపెను. 1789లో సోదరికి వ్రాసిన జాబు మిక్కిలి ప్రసిద్ధము. హిందూ దేశమునకు పోయినవారందరు భోగములు అనుభవింతురని స్వదేశీయుల భ్రమ. పుస్తకమో తూటాల సంచియో తప్ప వేరు తలగడ ఎరుగక గడపిన సంవత్సరములను, ఒక వస్త్రము కుట్టించుకొనులోపల మరియొకటి చినుగుటను చెప్పి, మన్రో ఆ భ్రమను నవ్వుచునే తొలగించెను.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చివేసెను. 1807 వరకు మన్రో వానికి ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆ యేండ్లలో అధికభాగము గుడారములలోనే గడచెను. నేటి నంద్యాల జిల్లాలోని కోయిలకుంట్ల ప్రాంతము దత్తమండలములలో చేరినది. నంద్యాల, ఆళ్ళగడ్డలు మాత్రము 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. ఆళ్ళగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడయు, నొస్సమును పాలెగాండ్ర స్థానములు. దత్తమండలములందు సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి. రైతునకును ప్రభుత్వమునకును నడుమ మరియొకరు ఉండరాదని మన్రో అభిప్రాయము. ఆయన పొలములు కొలిపించి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. పాలెగాండ్ర బలమును నిర్దయగా అణచెను. కంపెనీ డైరెక్టర్లు సయితము ఈ కాఠిన్యమును ఆక్షేపించిరి. రైతులు మాత్రము ఆయనను తలచి తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. ఈ రెండును నిజములే.

పిమ్మట మన్రో చెన్నపట్టణపు గవర్నరయ్యెను. 1826లో చిన్న కుమారునికి జబ్బు చేయగా, భార్య వానిని తీసికొని ఇంగ్లండునకు ఓడ యెక్కెను. వారు పోయిన పిదప గిండీలోని బంగళా ఎంత శూన్యముగా నున్నదో, తోటలో నడచునప్పుడు బిడ్డ ఎట్లు గుర్తుకు వచ్చుచున్నాడో ఆయన ఆమెకు వ్రాసెను. పాలెగాండ్రను గడగడలాడించిన చేయియే ఈ జాబును వ్రాసినదని నమ్ముట కష్టము. మరుసటి యేడు, స్వదేశమునకు పోవుటకు ముందు దత్తమండలములను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. ఆ వార్త ఓడపై భార్యకు చేరుటకు నెలలు పట్టెను. అంతవరకు ఆమె ఆయన పేరనే జాబులు వ్రాయుచుండి యుండును.

ఇక పాలెములను పోగొట్టుకొన్న యిండ్ల మాట యేమి? కరణముల గొలుసుకట్టు వ్రాతలో, కవిలెలలో, పొలిమేరలు, మాన్యములు, పన్నులు కనబడును. తల్లి బెంగయు బిడ్డల ముచ్చటలును కనబడవు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వంశపారంపర్యముగా వచ్చిన పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ లెక్క పైసలతో సహా దఫ్తరమున నిలిచినది. మాతామహుడగు నొస్సం జయరామిరెడ్డి పింఛనులో భాగము తనకు రావలెనని ఆయన కోరెను; ప్రభుత్వము నిరాకరించెను. 1846లో ఆయన తిరుగుబాటు చేసి కోయిలకుంట్ల ఖజానాపై పడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన అదే కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీసిరి.

ఆ తిరుగుబాటును గూర్చి అధికారులు పైవారికి వ్రాసిన కాగితములు కలవు. ఆయన పక్షమున మాటలాడినది కాగితము కాదు, పాట. కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ ప్రాంతపు పల్లెలలో నరసింహారెడ్డి కథను తరతరములుగా పాడుచు వచ్చిరి. ఆ పాడినవారిలో అనేకులకు వ్రాయుట రాదు.